ఆరాక నీడలు పాలిపోతున్నాయా? రంగు కలపడం ఆపి ముందు ఇది చూడండి

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1822లో వేసిన 'కిటికీ దగ్గర స్త్రీ' ఆయిల్ రంగులతో కాపీ చేసి నేర్చుకోవడానికి మంచి బొమ్మ. డ్రెస్డెన్‌లోని ఆయన స్టూడియోలో కిటికీలోంచి బయటికి చూస్తూ, మనకు వీపు తిప్పి నిలబడిన భార్య కరొలీన్. బొమ్మ చిన్నదే. ముఖం గీసే టెన్షన్ లేదు, సామానూ తక్కువే. చిక్కంతా ఆ ముదురు గోడలతోనే.

సమస్య

వేసిన రోజు నిగనిగలాడిన గోడ ఆరాక పాలిపోయింది. ఒకచోట మెరుపు, పక్కనే మచ్చలా మసక. గౌను మడతల్లో నీడలు కనబడటం లేదు.

రంగు తప్పు కలిపామనుకుని ఇంకాస్త నలుపు కలిపి మళ్లీ పూస్తారు. ఆరాక అదీ పాలిపోతుంది. మళ్లీ నలుపు. చివరికి గోడ తారు రోడ్డులా తయారవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇదే తంతు.

ముందు చేయాల్సిన పరీక్ష

రంగు చేతికి అంటకుండా ఆరాక, మసకబారిన చోట వేలికొసతో ఒక్క చుక్క లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రుద్దండి. రంగు మళ్లీ వేసిన రోజులా లోతుగా కనిపిస్తే మీరు కలిపింది సరైనదే. నూనె కింది పొరలోకి ఇంకిపోయింది, అంతే. మార్పు లేకపోతేనే ప్యాలెట్ జోలికి వెళ్లండి.

కారణం

నూనె కిందికి పోతే పైన రంగుపొడి ఎండుగా మిగిలి వెలుతురును చెదరగొడుతుంది. అందుకే ముదురు రంగు తెల్లబారినట్టుంటుంది. లేత రంగుల్లోనూ ఇది జరుగుతుంది కానీ కంటికి ఆనదు. ఆకాశం బాగానే ఉండి గోడే చెడిందంటే రంగు తప్పనిపించడం సహజం. ఇదే అసలు మోసం.

చౌక కాన్వాస్ బోర్డు మీది జెస్సో (రంగుల కింద అడుగున వేసే తెల్లపూత) నూనె పీల్చేస్తుంది. ఇంకో రెండు కోట్లు వేసినా అదీ పీల్చేదే. గోడకు వాడే అంబర్ అనే ముదురు గోధుమరంగు కూడా నూనె బాగా తాగుతుంది. అయితే ఎక్కువసార్లు దొంగ టర్పెంటైనే: మొదటి పూతకి పల్చగా కలుపుతారు, సరే, రెండో పూతకీ అదే సీసాలో బ్రష్ ముంచుతారు.

పరిష్కారం

లిన్‌సీడ్ ఆయిల్, టర్పెంటైన్ సమంగా కలిపి, మెత్తటి నూలు బట్టతో మసకబారిన చోట పల్చగా రాయండి. రెండు నిమిషాలాగి పొడిబట్టతో తుడిచేయండి. వేలికి జిడ్డు తగలకూడదు. నూనె మిగిలితే తర్వాత పసుపు తిరుగుతుంది. ఆ వెంటనే దాని మీద పని మొదలుపెట్టండి. బొమ్మ పూర్తయిపోయి ఉంటే నూనె వద్దు, రీటచింగ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే తేలికపాటి వార్నిష్) పల్చగా చాలు.

తుడిచిన బట్టను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో తడిపి పారేయండి.

నూనె రాసినా మారకపోతే

మీరు చూసి వేస్తున్న ఫొటోనే అనుమానించండి. ఒకే బొమ్మకు నెట్‌లో పది రంగులు. ఆ బొమ్మ ఉన్న బెర్లిన్ మ్యూజియం ఆల్టె నాష్నల్‌గ్యాలరీ ఇచ్చిన ఫొటో తీసుకుని, మీ కాపీని కూడా ఫోన్‌లో ఫొటో తీసి, రెండింటినీ బ్లాక్ అండ్ వైట్‌లో పక్కపక్కన పెట్టి ఎక్కడ ఎంత ముదురుందో పోల్చి చూడండి. పాడైన ట్యూబ్, బూజు లాంటివి చాలా అరుదు, వాటి గురించి ఆలోచించకండి.