పోర్టల్ సిర ఉబ్బు: గుర్తించడం, కనిపెట్టి ఉండడం ఎలా

పేగులు, ప్లీహం, క్లోమం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిర ఒక చోట బుడగలా ఉబ్బితే దాన్ని పోర్టల్ సిర ఎన్యూరిజం అంటారు. బార్జిలై, క్లెక్నర్ అనే వైద్యులు 1956లో తొలిసారి వివరించిన ఈ అరుదైన సమస్య చాలామందిలో ఏ బాధా కలిగించదు. మరో కారణంతో తీసిన స్కానింగ్‌లో బయటపడుతుంది.

అల్ట్రాసౌండ్ తెర మీద ఇది నల్లగా, గుండ్రంగా, అచ్చం నీటిబుడగలా ఉంటుంది. పొరపాటుకు తావిచ్చేది ఈ పోలికే. క్లోమం పక్కన నీటిబుడగ ఉందనుకొని సూది గుచ్చితే తీవ్రమైన రక్తస్రావం జరగవచ్చు కాబట్టి, రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ స్కానింగ్‌తో చూడకుండా అక్కడ సూది జోలికి వెళ్లనే కూడదు. డాప్లర్ పెట్టగానే ఆ నలుపులో ఒక పక్క ఎరుపు, మరో పక్క నీలం నిండి రక్తం సుడి తిరుగుతూ కనిపిస్తే, ప్రోబ్‌ను (ఒంటి మీద ఆనించే స్కానింగ్ పరికరాన్ని) మెల్లగా తిప్పుతూ అది రెండు వైపులా సిరతో కలుస్తోందో లేదో చూడాలి. రంగు నిండనంత మాత్రాన నీటిబుడగ అని తేల్చేయకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. సందేహం మిగిలితే, రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్ తీయించాలి.

సాధారణంగా కాలేయం వెలుపల 20 మిల్లీమీటర్లు, లోపల 9 మిల్లీమీటర్లు దాటిన వెడల్పును ఎన్యూరిజంగా పరిగణిస్తారు. అయితే సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవారిలో సిర మొత్తం వెడల్పవుతుంది గనుక, అంకె ఒక్కదాన్నే నమ్మకుండా పక్క భాగంతో పోల్చి చూడడం మేలని నా అభిప్రాయం.

తర్వాత కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్ల సంఖ్య, ప్లీహం పరిమాణం చూసి పోర్టల్ రక్తపోటు (పోర్టల్ సిరలో ఒత్తిడి పెరగడం) ఉందో లేదో నిర్ధారించుకోవాలి, ఎందుకంటే చికిత్స దారి అక్కడే చీలుతుంది. నొప్పి ఉన్నా, ఉబ్బు పెరుగుతున్నా, పిత్తనాళాన్ని నొక్కుతున్నా శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు: పోర్టల్ రక్తపోటు లేనివారిలో ఉబ్బిన గోడను కత్తిరించి కుట్టి సరిచేస్తారు, ఉన్నవారిలో ఆ ఒత్తిడిని తగ్గించేందుకు రక్తాన్ని పక్కదారి మళ్లించే షంట్ మార్గాలను పరిశీలిస్తారు. గడ్డ కడితే రక్తం పలచబడే మందులు ఇవ్వాల్సి రావచ్చు; అయితే పోర్టల్ రక్తపోటు ఉన్నవారికి అవి మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీతో అన్నవాహికలో ఉబ్బిన సిరలున్నాయేమో చూడాలి.

బాధ లేనివారిని ఆపరేషన్‌కు తొందరపెట్టనవసరం లేదు. ఆరు నెలలకో ఏడాదికో స్కానింగ్ చేస్తూ, భోజనం తర్వాతా గాఢంగా ఊపిరి పీల్చినప్పుడూ సిర వెడల్పవుతుంది కాబట్టి, ప్రతిసారీ పరగడుపున, వెల్లకిలా పడుకోబెట్టి, మామూలు శ్వాసలో, అదే చోట కొలవాలి. ఈలోగా హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, నెత్తుటి వాంతి, నల్లటి విరేచనం, కామెర్లు కనిపిస్తే తర్వాతి స్కానింగ్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.