ఎస్ప్రెస్సో మెషీన్ విప్పే ముందు: థర్మల్ ఫ్యూజ్‌ని దాటవేయకండి

పోయిన నెల మా స్నేహితుడు చెయ్యి కాల్చుకున్నాడు. మణికట్టు నుంచి వేళ్ల దాకా బొబ్బలు. ఇంట్లో ఎస్ప్రెస్సో మెషీన్‌కి పీఐడీ కంట్రోలర్ (సెన్సర్‌తో వేడి కొలుస్తూ హీటర్‌ని నడిపే పరికరం) తనే పెట్టుకున్నాడు, మూడు నెలలు బాగానే నడిచింది. ఆ రోజు పొద్దున స్విచ్ వేసి స్నానానికి వెళ్లొచ్చేసరికి స్టీమ్ గొట్టం బుసకొడుతోంది. కాస్త ఆవిరి వదిలేద్దామని నాబ్ తిప్పాడు.

తర్వాత విప్పి చూస్తే థర్మల్ ఫ్యూజ్ (మెషీన్ మితిమీరి కాగితే తెగిపోయి హీటర్‌కి కరెంటు ఆపేసేది) రెండు కొసల్నీ కలుపుతూ వేలెడంత వైరు ముక్క. ఫ్యూజ్ పోతే, కొత్తది దొరికేదాకా అని కలిపేశాడట. ఇలాంటి వైరు ముక్క ఉన్న మెషీన్ నేను చూడటం ఇది మూడోసారి.

గాజియా క్లాసిక్ లాంటి మెషీన్‌లో కంపెనీ థర్మోస్టాట్లు కాఫీకి 107 డిగ్రీల దగ్గర, ఆవిరికి 145 దగ్గర హీటర్‌ని ఆపేస్తాయి. పీఐడీ పెట్టాక ఆ పని ఎస్ఎస్ఆర్ మీద, అంటే పీఐడీ చెప్పినట్టు హీటర్‌ని వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్ మీద పడుతుంది. ఎస్ఎస్ఆర్ పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. తెర మీద డిగ్రీల అంకె పెరుగుతూనే ఉంటుంది, ఆపడం పీఐడీ వల్ల కాదు. లేదా సెన్సర్ బాయిలర్ మీంచి ఊడుతుంది. అప్పుడు బాయిలర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పీఐడీయే కాగబెడుతూ పోతుంది. 145 డిగ్రీల దగ్గర లోపల ఆవిరి ఒత్తిడి సుమారు 3 బార్, 180కి చేరితే 9. అప్పుడు హీటర్‌ని ఆపడానికి మిగిలేది ఆ ఫ్యూజ్ ఒక్కటే. దాన్ని వైరుతో కలపకండి, ఒక్క రోజుకి కూడా.

ఫ్యూజ్ పోయిందంటే మెషీన్ మితిమీరి కాగి ఉండొచ్చు. ముందు కారణం పట్టుకోండి. కొత్తది అవే డిగ్రీలది, అవే ఆంప్‌లది వేయండి. సోల్డరింగ్ పెడితే ఆ వేడికే పోతుంది, క్రింప్ చేయాలి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాలి. దొరకలేదా, దొరికేదాకా ఫిల్టర్ కాఫీ తాగండి.

ఇక ఎర్త్. మన ఇళ్లలో చాలా సాకెట్లకి మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ పెట్టించండి. బాయిలర్‌కి ఉన్న ఆకుపచ్చ-పసుపు వైరు తిరిగి బిగించాకే మూత వేయండి.

మెషీన్ విప్పే ముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకండి. పీకి పూర్తిగా చల్లారనివ్వండి. ఎస్ఎస్ఆర్‌ని హీట్‌సింక్ (వేడి లాగేసే లోహపు దిమ్మ) లేకుండా పెట్టొద్దు, బాయిలర్ పక్కన అసలే వద్దు. హీటర్‌కి మామూలు పీవీసీ వైరు వద్దు, కరిగిపోతుంది. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు వద్దు. మూత తీసి ‘ఒక్కసారి చూద్దాం’ అని కరెంటు ఇవ్వొద్దు. బాయిలర్ నిండకుండా హీటర్ వేయొద్దు. ఓపీవీ (పంపు ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వాల్వ్) స్ప్రింగ్ మార్చితే 9 బార్ వస్తోందో లేదో గేజ్ పెట్టి చూడండి. టైమర్ ప్లగ్ వద్దు. ఆన్ చేసి స్నానానికి కూడా వెళ్లొద్దు. అంకె ఆగకుండా పెరుగుతుంటే ఏ నాబూ తిప్పొద్దు, గోడ దగ్గర స్విచ్ ఆపి దూరంగా జరగండి. మీ ఫ్యూజ్ దగ్గర ఇప్పటికే ఆ వైరు ముక్క ఉందా? ఇది చదవడం ఆపి ముందు ప్లగ్ పీకండి.