ఫొటో తీస్తుంటే పక్కనుంచి సలహాలు వస్తే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో కెమెరా మెడలో వేసుకుని రోడ్డు మీద నిలబడితే చాలు, సలహా దానంతట అదే వస్తుంది. చార్మినార్ దగ్గరైతే చాయ్ తాగుతున్న పెద్దమనిషి, ట్యాంక్‌బండ్ మీదైతే వాకింగ్‌కు వచ్చిన అంకుల్, ఫంక్షన్ హాల్లోనైతే పెళ్లికొడుకు మేనమామ. "ఎండకు ఎదురుగ తీస్తున్నవేంది తమ్మీ?", "ఫ్లాష్ వెయ్యవా?", "ఇది ఎన్ని మెగాపిక్సెల్?", "మావోడి ఫోన్ల ఇంతకన్నా మంచిగొస్తది."

చెప్పేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. అయినా వాళ్లకు జవాబు చెప్పేలోగా వెలుగు మారిపోతుంది, ఎదురుగా ఉన్న మనిషి ముఖంలో కళ మారిపోతుంది. ఈ పని మీద బతికేవాళ్లకు, అందులోనూ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నలుగురు నాలుగు మాటలు అనేసరికి తమ చేతి మీద తమకే నమ్మకం సడలిన కుర్రాళ్లను చూశాను. బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకున్నట్టే దీనికీ ముందు నుంచే సిద్ధపడి వెళ్లాలి.

1. అది సలహానా, హెచ్చరికా, అభ్యంతరమా చూడండి

తెలియనివాళ్లు అన్న ప్రతి మాటనూ సలహా కింద కట్టేసి వదిలేయొద్దు. "వెనకాల బండొస్తుంది", "బ్యాగు జిప్పు తెరిచుంది" అన్నారంటే కెమెరా దించి వెంటనే చూసుకోవాల్సిందే. వ్యూఫైండర్‌లో (కెమెరాకుండే చిన్న కిటికీలో) కన్ను పెట్టినవాడికి చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు.

లాడ్ బజార్‌లో గాజులు బేరం చేస్తున్న ఆవిడ ముఖం పక్కకు తిప్పుకున్నా, పక్కన ఉన్నవాళ్లు "ఆడోళ్లను తియ్యకు భాయ్" అన్నా అది అభ్యంతరం. అక్కడ వాదన వద్దు. "సరే అన్నా" అని కెమెరా దించండి, కావాలంటే తీసిన ఫొటో వాళ్ల ముందే డిలీట్ చేయండి. గోల్కొండలోనో చార్మినార్‌లోనో ట్రైపాడ్ తీయగానే గార్డు ఆపితే అది అతని డ్యూటీ. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి.

బోనాల్లో ఇంకా జాగ్రత్త అవసరం. పోతరాజు కొరడా తిప్పుతూ వస్తుంటే, పూనకం వచ్చిన శివసత్తి నడుస్తుంటే "ఎదురు రావొద్దు, జరుగు" అని అరిచేవాళ్లు మీకు ఫొటోగ్రఫీ నేర్పడం లేదు, ఆ ఆచారాన్ని కాపాడుతున్నారు. పక్కకు జరిగి అక్కడి నుంచే తీయండి.

ఇవి పోగా మిగిలేవే అసలు సలహాలు. యాంగిల్, లైటు, లెన్స్, మీ కెమెరా కంపెనీ మంచిదా కాదా లాంటివి.

2. చెప్పాల్సిన మాట ముందే అనుకుని పెట్టుకోండి

అప్పటికప్పుడు మాట వెతుక్కుంటే కోపమైనా వస్తుంది, మొహమాటమైనా పడతాం. రెండూ పనికి అడ్డమే. రెండు మూడు మాటలు నోటికి అలవాటు చేసుకోండి. పెద్దవాళ్లయితే "అట్లనే బాబాయ్, ఇది అయినంక చూస్తా." మీ వయసు వాళ్లయితే "థాంక్స్ అన్నా, ఒక్క నిమిషం ఆగవా." పాతబస్తీలో అయితే "హౌ భాయ్, దేఖ్తా" (సరే భాయ్, చూస్తా) చాలు. మాట చిన్నదిగా ఉండాలి, గొంతు మామూలుగా ఉండాలి, ఆ వెంటనే చూపు మళ్లీ పని మీదికి వెళ్లాలి. "ఎందుకంటే..." అని మొదలుపెట్టారా, అవతలివాళ్లు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. వివరణ ఇవ్వాలని ఎంత ఉబలాటంగా ఉన్నా షూట్ అయ్యాకే.

3. మీరు చేసే పనికి కారణం మీకు తెలిసి ఉండాలి

బయటికి చెప్పకపోయినా లోపల జవాబు ఉంటే మనసు కదలదు. ఎక్కువగా వినపడే మాట తీసుకుందాం. "సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి" అని పెద్దవాళ్లు ఊరికే అనరు. ఒకప్పుడు మన ఇళ్లలో ఆగ్ఫా క్లిక్-3 లాంటి కెమెరాలు ఉండేవి. 120 సైజు ఫిల్మ్ రోల్‌లో 12 ఫొటోలు, మార్చుకోవడానికి ఎండ, మబ్బు లాంటి గుర్తులు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఎదుటి మనిషి వెనక నుంచి ఎండ పడితే ముఖం నల్లగా వచ్చేది, రోల్ డబ్బులు వృథా. ఆ పెద్దవాళ్లు చెప్పేది ఆ అనుభవంతో. ఇప్పుడు మీరు ముఖానికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) పెంచుకోగలరు, రిఫ్లెక్టర్ (వెలుగును ముఖం మీదికి తిప్పే పలక) పెట్టుకోగలరు, జుట్టు అంచున మెరుపు కోసమే కావాలని ఎదురెండలో నిలబెట్టగలరు. ఈ సంగతి తెలిస్తే వాళ్ల మీద విసుగు రాదు, మీ యాంగిల్ మీద అనుమానమూ రాదు.

ఫంక్షన్ హాల్లో "షటర్ స్పీడ్ పెంచు, లేకపోతే షేక్ అయితది" అనే తమ్ముడు ఒకడు తప్పకుండా ఉంటాడు. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా లైట్ల వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. అలాంటి లైట్ల కింద షటర్ సెకనులో 1/500 వంతు మాత్రమే తెరుచుకునేలా పెడితే ఫొటోలో చారలు పడొచ్చు. 1/100 దగ్గర ఉంచితే వెలుగు ఒకసారి పెరిగి తగ్గేంతసేపూ షటర్ తెరిచి ఉంటుంది కాబట్టి ఆ బెడద తగ్గుతుంది. మెగాపిక్సెల్ గొడవకైతే ఒక్క లెక్క గుర్తుంచుకోండి: 12x18 అంగుళాల ప్రింట్‌కు 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో) సుమారు 20 మెగాపిక్సెల్ సరిపోతుంది.

కారణం మీకూ తెలియని సలహా వస్తే ఫోన్‌లో రాసి పెట్టుకుని ఇంటి దగ్గర పరీక్షించండి. క్లయింట్ ముందు ప్రయోగాలు వద్దు.

4. పెళ్లిలో అయితే ముందే మాట్లాడుకోండి

అన్నిటికంటే కష్టం ఇదే. సలహా ఇచ్చేవాళ్లు మనకు కొత్త, ఆ ఇంటికి మాత్రం చుట్టాలు. రోడ్డు మీద మనిషిని దాటేసినట్టు వాళ్లను దాటేయలేం. అందుకే అడ్వాన్స్ తీసుకునే రోజే అడగాలి: "మండపం దగ్గర ఎవరి మాట వినమంటారండీ? రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని చెప్పండి." ఆ ఇద్దరి నంబర్లు తీసుకోండి. తీయాల్సిన చుట్టాల లిస్టు కూడా వాళ్ల దగ్గరే రాయించుకోండి. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా, "అట్లనే అండీ, ఒక్క మాట పెళ్లికూతురు అన్నయ్యకు చెప్పండి, ఆయన చెప్పగానే తీస్తా" అంటే సరిపోతుంది. ఎవరి మాటా తీసేసినట్టు ఉండదు.

ముహూర్తానికి ముందు పంతులుగారి దగ్గరకు వెళ్లండి. "తెర ఎటు దించుతారండీ? జీలకర్ర-బెల్లం అప్పుడు మీరు ఎటు కూర్చుంటారు?" అని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్తారు. మండపం చుట్టూ జనం ముసిరినప్పుడు "ఫొటోగ్రాఫర్‌కు దారి ఇవ్వండమ్మా" అని ఆయనే అంటే దానికుండే బలం వేరు.

ఇక ఆ ఘడియ. గట్టిమేళం మొదలవుతుంది. వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి, మధ్యలో తెర. తెర దిగగానే ఇద్దరూ చూసుకునే ఆ చూపు క్షణంలో అయిపోతుంది. సరిగ్గా అప్పుడే మీ భుజం మీద చెయ్యి పడుతుంది: "బాబూ, మా పాపను కూడా రానియ్యి." వెనక్కి తిరగొద్దు. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండానే "తీస్తానమ్మా, తలంబ్రాలప్పుడు" అనండి. తలంబ్రాలప్పుడు ఆ పాపను వెతికి మరీ తీయండి. ఎవరి తొందర వాళ్లది. ఆ తల్లికి ఆల్బమ్‌లో తన బిడ్డ ఉండటం నిజంగానే ముఖ్యం, ఇచ్చిన మాట తప్పకూడదు.

5. చెయ్యి వేస్తే మాత్రం గట్టిగా చెప్పండి

కెమెరా పట్టుకోబోయినా, ట్రైపాడ్ జరిపినా, మోడల్ భుజం పట్టుకుని "ఇట్ల నిలబడు" అన్నా అది సలహా కాదు. "చెయ్యి వెయ్యకండి" అని నలుగురికీ వినపడేలా ఒక్కసారి అనండి. కెమెరా స్ట్రాప్ ఎప్పుడూ మెడలోనో మణికట్టుకో ఉండాలి.

ఆడపిల్లలు కెమెరాతో ఒంటరిగా కనిపిస్తే నేర్పిస్తానంటూ వెంటపడేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు నవ్వుతూ జవాబు చెప్పాల్సిన పని లేదు. షాపులు, జనం ఉన్న వైపు నడవండి. ఆగకపోతే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. వేధింపుల మీద చర్యకు నగరంలో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. ఫొటో పోతుందేమోనని భరిస్తూ నిలబడొద్దు.

6. వాళ్లకు తెలిసింది వాళ్లనే అడగండి

పక్కన నిలబడే మనిషికి మీ లెన్స్ గురించి తెలియకపోవచ్చు, ఆ చోటు గురించి మాత్రం మీకంటే బాగా తెలుసు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో హమాలీని "బంతిపూల లోడ్ ఎన్నింటికి దిగుతదన్నా?" అని అడగండి. మోజంజాహీ మార్కెట్ ఎదుట పండ్లు అమ్మే అవ్వను గడియారం గోపురం మీద సాయంత్రం ఎండ ఎప్పటిదాకా ఉంటుందో అడగండి. మీరే ముందు అడిగితే సలహా ఇవ్వాలన్న వాళ్ల ముచ్చటా తీరుతుంది, మీకు పనికొచ్చే కబురూ దొరుకుతుంది. మరీ ఉత్సాహంగా ఉన్న తమ్ముడు ఎవరైనా ఉంటే రిఫ్లెక్టర్ చేతికిచ్చి ఎటు తిప్పాలో చూపించండి. రెండు ఫ్రేములయ్యాక స్క్రీన్ మీద ఒకసారి చూపించండి, సంతోషపడతాడు.

అదే చోటికి మళ్లీ వెళ్లే పని ఉంటే, సాయం చేసినవాళ్ల ఫొటో వాళ్లను అడిగే తీసి, 4x6 సైజులో ప్రింట్ వేయించి పట్టుకెళ్లండి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. తర్వాతిసారి మీ చుట్టూ జనం మూగితే "జరగుండ్రి, పని చేసుకోనియ్యుండ్రి" అని వాళ్లే అంటారు.