గుర్రం హుషారైంది సరే, గిట్ట మానిందా? లాయం బయటికి వదిలే ముందు జాగ్రత్తలు

గిట్ట నొప్పితో తల వేలాడేసుకుని ఒక మూలన నిలబడిపోయిన గుర్రం ఒక పొద్దున దాణా బకెట్ చప్పుడు వినగానే చెవులు రిక్కించి సకిలిస్తుంది. ఆ సకిలింపు కోసమే ఎదురుచూసిన వాళ్లకి అంతకు మించిన సంతోషం ఉండదు. ఆ సంతోషంలో లాయం తలుపు తీసేయకండి. నొప్పి కొన్ని రోజుల్లోనే తగ్గిపోవచ్చు, గిట్ట గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండే రోజుల్లోనే గుర్రం గెంతి, దౌడు తీసి, మానుతున్న చోటే మళ్లీ దెబ్బ తగిలించుకుంటుంది.

గిట్ట గోడ, అంటే గిట్టకి బయట కనిపించే గట్టి భాగం, నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ముందు భాగం పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తగా రావాలంటే 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఈ లెక్క మనసులో ఉంటే తొందర దానంతటదే తగ్గుతుంది.

అసలు సమస్య ఏమిటన్న దాన్నిబట్టి కూడా జాగ్రత్త మారుతుంది. గిట్టలో చీము పడితే, అది బయటికి పోయిన ఒకటి రెండు రోజుల్లోనే గుర్రం తేరుకుంటుంది. నిన్నటిదాకా కాలు కింద పెట్టనిది ఇవాళ నడుస్తుంది. అక్కడ మిగిలే పని, చీము తీసిన రంధ్రం గట్టిపడి మూసుకునేదాకా దాన్ని పొడిగా, శుభ్రంగా ఉంచడం. లామినైటిస్ సంగతి వేరు. గిట్ట గోడని లోపలి ఎముకతో కలిపి పట్టి ఉంచే పొరలు వాచి దెబ్బతినడమే ఈ జబ్బు. ఆ పట్టు సడలితే ఎముక లోపలే కదిలిపోతుంది. ఈ జబ్బు నుంచి కోలుకుంటున్న గుర్రం హుషారుని చూసి నిర్ణయాలు తీసుకోకూడదని గట్టిగా చెప్తాను. ఎక్స్‌రే, డాక్టర్ మాట, నడక, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ హుషారు గుర్రానిదా, మందుదా? ఫినైల్‌బ్యూటాజోన్ లాంటి నొప్పి మందు మీద ఉన్న గుర్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నొప్పి లేదు కదా అని ఎక్కువ తిరుగుతుంది, లోపల దెబ్బ పెరుగుతుంది. డాక్టర్ చెప్పినట్టు మందు క్రమంగా తగ్గించి ఆపాక కూడా హాయిగా నడుస్తోందంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. లామినైటిస్ అయితే ఆ తర్వాత కూడా కనీసం నెల రోజులు విశ్రాంతి ఇవ్వమని చాలామంది డాక్టర్లు చెప్తారు.

నిజంగా కోలుకుంటోందో లేదో తెలుసుకోవాలంటే దూరం నుంచి చూడండి. గుర్రం వేటాడే జంతువులకి ఆహారమయ్యే జాతి, బలహీనత దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. మనిషి దగ్గరికి రాగానే సర్దుకుని నిలబడుతుంది. అందుకే అది చూడనప్పుడు గమనించాలి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉందా? మలుపు తిరిగేటప్పుడు అడుగు తడబడుతోందా? పడుకోవడం, లేవడం సులువుగా ఉందా? ముఖం కూడా చాలా చెప్తుంది. నొప్పిలో ఉన్న గుర్రం చెవులు వెనక్కి బిగుసుకుంటాయి, కంటి పైన కండరం ముడిపడుతుంది, దవడ, ముక్కుపుటాలు బిర్రుగా ఉంటాయి. ముఖాన్నిబట్టి నొప్పిని అంచనా వేసే హార్స్ గ్రిమేస్ స్కేల్ అనే పద్ధతిని 2014లో ప్రచురించారు. ఆ బొమ్మలు ఒకసారి చూసి పెట్టుకుంటే, తర్వాత మీ గుర్రం ముఖంలో చిన్న మార్పు కూడా కంటికి ఆనుతుంది.

రోజూ చేత్తో చూడాల్సినవి రెండు, గిట్ట వేడి, కాలి నాడి. గిట్టకి పైన ఉండే కీలు వెనక భాగంలో, రెండు పక్కలా, వేళ్లు తేలిగ్గా ఆనించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కాలిలో నాడి అందీ అందనట్టు ఉంటుంది. వేళ్ల కింద గట్టిగా కొట్టుకుంటుంటే గిట్టలో మంట మొదలైందని అర్థం. రెండు కాళ్లనీ పోల్చి చూడాలి, రోజూ ఒకే సమయంలో చూడాలి, ఎందుకంటే ఎండలో నిలబడ్డ గుర్రం గిట్టలు ఎలాగూ వేడిగానే ఉంటాయి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కదలకుండా నిలబడినా అంతకంటే ఎక్కువ ఉంటే నొప్పి ఇంకా ఉందేమో అనుమానించండి.

జబ్బు పడ్డ కాలినే చూస్తూ బాగున్న కాలిని మర్చిపోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక కాలు కింద పెట్టలేనప్పుడు బరువంతా ఎదురు కాలి మీద పడుతుంది, ఆ బరువుకే అందులో లామినైటిస్ రావచ్చు. నాలుగు గిట్టలూ చూడండి.

మొదటిసారి నడిపించే రోజు మీ భద్రత కూడా ముఖ్యం. వారాల తరబడి లోపల ఉన్న గుర్రం ఎంత మంచిదైనా ఆ రోజు మీకు తెలిసిన గుర్రం కాదు. హెల్మెట్, గ్లవ్స్, గట్టి బూట్లు ఉండాలి. తాడు పొడుగ్గా ఉండాలి, దాన్ని చేతికి మాత్రం చుట్టుకోకండి. భుజం పక్కన నడవండి, ముందు కాదు, వెనక కాదు. గాలి హోరున వీచే రోజు, పక్కన వేరే గుర్రాలు పరుగులు పెట్టే సమయం వద్దు. డాక్టర్ చెప్పిన కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, సాఫీగా ఉన్న నేల మీద తిన్నగా నడిపించండి. చిన్న చుట్లు తిప్పితే గిట్ట మీద మెలితిప్పే బలం పడుతుంది. మర్నాడు పొద్దున నాడి, నడక చూసి, తేడా ఏమీ లేకపోతేనే సమయం పెంచండి.

వదలడానికి పెద్ద మైదానం వద్దు, చిన్న ఆవరణ చాలు. అక్కడ ముందే ఎండుగడ్డి వేసి ఉంచితే తల దించుకుని తినే పనిలో పడుతుంది. నెమ్మదైన తోడు గుర్రం కంచె అవతల కనబడుతూ ఉంటే ఇంకా మంచిది. లోపలికి తీసుకెళ్లాక గుర్రాన్ని గేటు వైపు తిప్పి, మీరు గేటు దగ్గర నిలబడి, అప్పుడు హాల్టర్ (తలకి తొడిగే పట్టీ) విప్పండి. విడిచిన మరుక్షణం గిరుక్కున తిరిగి వెనక కాళ్లు ఝాడించే గుర్రాలు చాలా ఉంటాయి. మరీ దూకుడుగా ఉంటుందనిపిస్తే డాక్టర్‌ని అడగండి, మొదటి రోజులకి తేలికపాటి మత్తుమందు ఇస్తారు. ఇందులో తప్పేమీ లేదు.

హుషారు వచ్చిందని దాణా పెంచకండి. పనిలేని గుర్రానికి గింజలు పెడితే ఆ బలమంతా గెంతుల్లోకే పోతుంది, లామినైటిస్ ఉన్నదానికైతే జబ్బు తిరగబెడుతుంది. పిండిపదార్థం, చక్కెరలు తక్కువ ఉన్న ఎండుగడ్డే దానికి ఆధారం. నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెరలు కొంత తగ్గుతాయి. పచ్చిక మేతకి డాక్టర్ ఒప్పుకున్నాకే వదలండి. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రానికి గడ్డిలో చక్కెరలు పెరిగి ఉంటాయి, తెల్లవారుజామున తక్కువగా ఉంటాయి. మంచు గడ్డకట్టే చలిరాత్రి తర్వాత మాత్రం పొద్దున కూడా నమ్మకూడదు.

వానాకాలం ముందుంటే ఇంకో జాగ్రత్త. తడికి గిట్ట మెత్తబడుతుంది, బురద పగుళ్లలోకి దూరుతుంది, చీము మళ్లీ పడుతుంది. రోజుకి రెండుసార్లు గిట్ట అడుగు శుభ్రం చేసి వాసన చూడండి. కుళ్లు వాసన, నల్లటి స్రావం ఉంటే వెంటనే పట్టించుకోవాలి. కట్టు తడిస్తే మార్చేయండి, తడి కట్టు ఉండడం కంటే లేకపోవడమే నయం. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో చూసుకోండి, గుర్రాలకి ఆ జబ్బు చాలా సులువుగా వస్తుంది.

గిట్టలు చెక్కించే తేదీని వాయిదా వేయకండి. మామూలుగా 6 నుంచి 8 వారాలకోసారి చేయించే పని, కోలుకుంటున్నప్పుడు ఇంకా ముందే కావాల్సి రావచ్చు. లాడం కొట్టే మనిషి, డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి, ఇద్దరూ ఒకే ఎక్స్‌రే చూసి పని చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

స్వారీ ఆలోచన వచ్చినప్పుడు, మందులేవీ లేకుండా, ముందు గట్టి నేల మీద తిన్నగా నడిపించి, తర్వాత కొంచెం వేగంగా ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య వేగం) చేయించి, చివర్లో రెండు వైపులా పెద్ద చుట్టు తిప్పించి డాక్టర్‌కి చూపించండి. అడుగు పడ్డప్పుడల్లా తల పైకి ఎగరేస్తుంటే, నాడి మళ్లీ గట్టిగా కొట్టుకుంటే, ముందు కాళ్లు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడితే స్వారీ మాట ఆ రోజుకి పక్కన పెట్టి, లాయంలో మెత్తటి పరుపు మందంగా వేసి గుర్రాన్ని నిలబెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి.