ల్యాప్‌టాప్‌కి ఎంత ర్యామ్ వేయించాలి? కొట్టుకెళ్లే ముందే ఇంట్లో తేల్చుకోవడం ఎలా

ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండే మా చిన్నాన్న కొడుకు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "అక్కా, ల్యాప్‌టాప్ మళ్లీ హ్యాంగయింది. రేపు సీటీసీకి వెళ్లి ర్యామ్ వేయించుకొస్తా. ఎంత వేయించమంటావు, పదహారా, ముప్పైరెండా?"

"ఇప్పుడెంత వాడుతోందో చూశావా?"

"చూళ్లేదు. ఫుల్లయిపోయిందని మాత్రం తెలుసు."

ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు పని చేసుకునే జాగా, ఎంత ఉందో జీబీల్లో చెబుతారు. కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టించుకున్నట్టుంటుంది ఈ వ్యవహారం. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. ప్యారడైజ్ మెట్రో స్టేషన్లో దిగి ఎవర్నడిగినా చెబుతారు. అక్కడ కొట్టుకో మాట వినిపిస్తుంది. ఒకరు 8 చాలంటారు, పక్కనున్నాయన "32 వేసేయండి సార్, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు" అంటాడు. వాళ్లని అనడానికేం లేదు, మీ మెషీన్ మీద మీరేం చేస్తారో వాళ్లకేం తెలుసు? ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది, అరగంట పని. కింద చెప్పేది విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి. మ్యాక్‌బుక్ వాళ్లకి మధ్యలో ఒక చేదు మాట ఉంది.

ముందు కొలవండి, అదీ పని ఎక్కువున్న వేళ

పొద్దున్నే ఆన్ చేసి చూస్తే ఏ ల్యాప్‌టాపైనా బుద్ధిమంతుడే. మీకు బాగా బరువైన రోజు ఏమేం తెరుస్తారో అవన్నీ తెరవండి. ఓ ఇరవై నిమిషాలు నిజంగానే పని చేసుకోండి. ఏదీ మూయకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ.

అందరి కళ్లూ పైనున్న గ్రాఫ్ మీదికి, శాతం మీదికి పోతాయి. దాన్నొదిలేసి కింద చూడండి. ఇన్ యూజ్, అవైలబుల్, కమిటెడ్ అని అంకెలుంటాయి. మనక్కావాల్సింది మూడోది.

మావాడి చేత ఇదే చేయించాను. అమీర్‌పేటలో జావా ఫుల్ స్టాక్ నేర్చుకుంటున్నాడు. జూమ్‌లో క్లాసు, ఎక్లిప్స్, మైఎస్‌క్యూఎల్, క్రోమ్‌లో ఇరవై పైచిలుకు ట్యాబులు. 8 జీబీ మెషీన్. ఇన్ యూజ్ 6.9, అవైలబుల్ 0.8, కమిటెడ్ దగ్గర 12.1/15.2 అని ఉంది. 6.9కి 0.8 కలిపితే 7.7 అవుతుంది కదా, మిగతా కాస్తా ఏమైందని అడిగాడు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి ర్యామ్‌లోంచే కొంత వాటా తీసి పెడతారు. దొంగతనమేం కాదు.

ఇక కమిటెడ్. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటాం చూడండి, ఇదదే. ప్రోగ్రాములన్నీ కలిసి కర్చీఫ్‌లు వేసిన జాగా మొదటి అంకె. కర్చీఫ్ వేసిన ప్రతివాడూ వెంటనే వచ్చి కూర్చోడు, కాబట్టి నిజమైన వాడకం దీనికన్నా కొంచెం తక్కువే. గీత పక్కన రెండో అంకె, ర్యామ్‌తో పాటు డిస్క్ మీద విండోస్ పెట్టుకున్న పేజ్ ఫైల్‌నీ కలిపితే వచ్చే మొత్తం. సీట్లు చాలనప్పుడు కొందర్ని తీసుకెళ్లి ఆ పేజ్ ఫైల్లో కూర్చోబెడుతుంది. వాళ్లని మళ్లీ వెనక్కి పిలిచే లోపు మనకి స్క్రీన్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది.

నేను వాడే లెక్క ఇది: కమిటెడ్ మొదటి అంకెకి రెండు నుంచి నాలుగు జీబీ కలపండి, ఆ పైన దొరికే సైజు తీసుకోండి. ఆ కలిపేది ఎందుకంటే, తెరిచిన ఫైళ్లని విండోస్ చేతికందేలా ర్యామ్‌లో దాచుకుంటుంది, అది కమిటెడ్‌లో కనపడదు. మావాడికి 12.1కి మూడు కలిపితే పదిహేను, అంటే 16. ముప్పైరెండు ఊసే అక్కర్లేదు.

ర్యామ్ రోగమేనా?

8 జీబీ మెషీన్లో కమిటెడ్ ఐదారు దగ్గరే ఆగి, అయినా ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందంటే అదే టాస్క్ మేనేజర్లో డిస్క్ మీద నొక్కండి. అది నిమిషాల తరబడి 100 శాతం దగ్గర కూర్చుని, పక్కన హెచ్‌డీడీ, అంటే హార్డ్ డిస్క్ అని రాసుంటే మీక్కావాల్సింది ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన చిప్‌ల డిస్క్, ర్యామ్ కాదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ఎంత ర్యామ్ వేసినా రాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ల నుంచే అధికారిక అనుమతి. అంతకన్నా పాత మెషీన్ మీద వేలు పోసే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మీ ల్యాప్‌టాప్ ఎంత పడుతుంది

మెమరీ పేజీలోనే కుడి పక్కన చిన్న అక్షరాల్లో మూడు విషయాలుంటాయి: స్పీడ్, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్. స్లాట్ అంటే ర్యామ్ పట్టీ దిగే గాడి, ఆ పట్టీనే స్టిక్ అంటారు. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్‌ఓడిమ్ అని ఉంటే తీసి పెట్టుకునే స్టిక్ ఉందని. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకే అతికించేశారని. బోర్డుకి అతికించిన 4 లేదా 8 జీబీతో పాటు ఒక ఖాళీ స్లాట్ ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి, అలాంటి వాటిలో ఈ స్లాట్ల లెక్క తప్పుగా చూపించడం నేను చూశాను. కాబట్టి మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో మాన్యువల్ చూడటమే నమ్మకం. ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటుతో నడిచే ర్యామ్ రకం) అని ఉన్న పల్చటి మోడళ్లలో ర్యామ్ సాధారణంగా అతికించే వస్తుంది, కొన్నాక మార్చే దారి లేదు.

మ్యాక్‌బుక్ వాళ్లకి చేదు మాట ఇదే. 2020లో వచ్చిన ఎం1 నుంచి ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసి ఒకే ప్యాకేజీలో ఉంటుంది. కొన్న రోజు ఎంతో, చివరి రోజూ అంతే. ఈ లెక్కంతా మీరు కొనేటప్పుడే వేసుకోవాలి.

ప్రాసెసర్‌కీ ఒక హద్దుంటుంది. ఉదాహరణకి ఇంటెల్ ఐ5-5200యూ 16 జీబీ దాటి తీసుకోదు. ఐ5-8250యూ 32 దాకా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ దానికన్నా తక్కువే రాసి ఉండొచ్చు. రెండూ చూడండి. పాత మెషీన్లో 32 బిట్ విండోస్ ఉంటే మాత్రం మామూలు విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు, ఎంత వేసినా వృథా.

ఇక రకం. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, ఒకదాని స్లాట్లో ఒకటి దిగవు. మధ్యలో గాటు ఉండే చోటు వేరు, పిన్నుల లెక్క వేరు: 204, 260, 262. ఇక్కడ మోసపోవడం కష్టం. మోసపోయేది డీడీఆర్3 దగ్గర. ఇందులో 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులది, అంటే డీడీఆర్3ఎల్, మరొకటి. గాటు ఒకటే, పిన్నులూ ఒకటే, చక్కగా దిగుతుంది. కొన్నేళ్ల కిందట మా నాన్న ల్యాప్‌టాప్‌కి ఓ కొట్లో అడిగి తెచ్చి వేశాను, స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. మెషీన్ పాడు చేశానని నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ (డీడీఆర్3ఎల్‌కి గుర్తు) ఉండాల్సిన చోట ఉత్త పీసీ3 ఉంది. ఒక్క అక్షరం. కొట్టువాళ్లు "రిటర్న్ లేదు, ఎక్స్చేంజే" అన్నారు, ఆ ఎక్స్చేంజికి ఇంకో రెండుసార్లు తిరిగాను.

ఎవరికెంత

కొలిచిన అంకే దారి చూపిస్తుంది. అయితే రేపు కొత్త పని మొదలుపెట్టబోతుంటే కొలవడానికేం ఉండదు, అప్పుడు ఇది పనికొస్తుంది. విండోస్ 11 పెట్టిన కనీస షరతు 4 జీబీ. అది ఆన్ అవడానికి, కాపురం చేయడానికి కాదు. ఉత్తరాలు, ఎక్సెల్, యూట్యూబ్, పిల్లల ఆన్‌లైన్ క్లాసు వరకైతే 8 చాలు. కోడింగ్ నేర్చుకునేవాళ్లకి 16. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోని ఎమ్యులేటర్‌తో (తెర మీద ఉత్తుత్తి ఫోన్‌తో) సహా నడపాలంటే గూగుల్ రాసుకున్న కనీసమే 16, కాబట్టి యాప్‌లు తయారుచేయడమే వృత్తయితే 32 విలాసమేం కాదు.

డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద నడిపించే పని) క్లాసుల్లో చేరేవాళ్లు వర్చువల్ మెషీన్ల, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ల, లెక్క కాగితం మీద వేసుకోండి, అది సూటిగా ఉంటుంది. ఒక్కోదానికి 4 జీబీ చొప్పున మూడు మెషీన్లు ఒకేసారి నడపాలంటే 12. విండోస్‌కీ బ్రౌజర్‌కీ ఇంకో ఆరు. 16తో నడవదని అక్కడే తేలిపోయింది. ఏఐ మోడళ్లని సొంత ల్యాప్‌టాప్‌లో నడిపి చూడాలనుకునేవాళ్లకి కూడా అంతే: 800 కోట్ల పరామితుల (మోడల్ లోపలి అంకెల, పారామీటర్లంటారు) మోడల్ 4 బిట్‌కి కుదించాక సుమారు 5 జీబీ ఆక్రమిస్తుంది. దాన్ని మీ కమిటెడ్ అంకెకి కలుపుకోండి.

ఒక స్టిక్కా, రెండా?

రెండు స్లాట్లుండి ఒకదాంట్లో 8 ఉంటే, ఇంకో 8 వేయడమే నా ఓటు. రెండు సమానమైన స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి డేటా తెచ్చుకుంటుంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న ల్యాప్‌టాపుల్లో గేములకీ వీడియో పనికీ ఈ తేడా బాగా తెలుస్తుంది. పాతది తీసి పక్కన పెట్టి ఒక్క 16 స్టిక్ వేసినా పని జరుగుతుంది, కానీ ఈ రెండు దారుల లాభం ఉండదు.

8 పక్కన 16 వేసినా నడుస్తుంది. 24 వస్తుంది. సమానంగా ఉన్నంత మేర రెండు దారులు, మిగతాది ఒక దారి. స్పీడ్లు వేరైతే రెండూ తక్కువ స్పీడుకే దిగుతాయి, 2666 పక్కన 3200 వేస్తే అదీ 2666లోనే నడుస్తుంది. కంపెనీ ఒకటే ఉండాలన్న పట్టింపేం అక్కర్లేదు.

"భవిష్యత్తుకి పనికొస్తుంది, డబుల్ వేయించు" అని నేనూ ఒకప్పుడు చెప్పేదాన్ని, ర్యామ్ చవగ్గా ఉన్న రోజుల్లో. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోవడంతో ధరలు గట్టిగా పెరిగాయి. అందుకే ఇప్పుడు లెక్కకి సరిపడా తీసుకుని ఆగమంటున్నాను. రెండు స్లాట్లలోనూ 4, 4 ఉన్నవాళ్లే జాగ్రత్తగా ఉండాలి. ఏది వేసినా ఒకటి తీసేయాల్సిందే, కాబట్టి ఒకేసారి నిర్ణయం తీసుకోండి.

కొట్టుకి వెళ్లేటప్పుడు

వెనక మూత విప్పడం వచ్చినవాళ్లు ఉన్న స్టిక్ మీది స్టిక్కర్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి. "8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ" లాంటి వరస ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4, 2666 స్పీడ్. ఆ ఫొటో చూపిస్తే కొట్లో సంభాషణ నిమిషంలో అయిపోతుంది. బిల్లు జీఎస్టీతో తీసుకోండి, దాని మీద సీరియల్ నంబరు రాయించండి, వారంటీ దాంతోనే. మీ ఎదురుగానే వేయించి, ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్లో మొత్తం ఎంత చూపిస్తోందో, స్పీడ్ ఎంతో చూశాకే డబ్బులివ్వండి. తీసేసిన పాత స్టిక్ అడిగి తెచ్చుకోండి. రేపు కొత్తది పాడైతే తంటా ఎక్కడుందో తేల్చడానికి అదే సాక్షి.

సొంతంగా వేసుకునేవాళ్లు షట్ డౌన్ చేసి, చార్జర్ పీకి, వీలైతే లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా విడదీయండి. చేత్తో ఏదైనా ఇనప వస్తువుని ముట్టుకుని స్టాటిక్ పోగొట్టుకోండి. గాటు చూసి, స్టిక్‌ని కొంచెం ఏటవాలుగా లోపలికి తోసి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5లో, స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు. వెంటనే పీకేయకుండా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. రాత్రి విండోస్‌లోనే ఉండే, ర్యామ్‌ని పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ నడిపి పడుకోండి, లోపముంటే ఎక్స్చేంజి గడువులోనే తెలుస్తుంది.

మావాడు రెండో 8 వేయించుకున్న మూడో రోజు మళ్లీ పదిన్నరకే ఫోన్. "అక్కా, అప్పుడు 6.9 వాడేది, ఇప్పుడు అదే పనికి 10.3 వాడుతోంది. మోసం చేశారా?"

"అవైలబుల్ ఎంతుంది?"

"ఐదున్నర."

"కమిటెడ్?"

"పన్నెండు. అదలాగే ఉంది."

కర్చీఫ్‌లు అవే. అప్పుడు డిస్క్ మీద కూర్చున్నవాళ్లు కూడా ఇప్పుడు సీట్లలో ఉన్నారు, అందుకే అంకె పెరిగింది. ఐదున్నర ఖాళీగా ఉన్నంత కాలం ఇన్ యూజ్ వంక చూడొద్దని చెప్పి పెట్టేశాను.