స్క్రీన్ రీడర్‌తో మీ ఫైళ్లు మీరే సర్దుకోండి

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ నోట్స్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, ఏ ఫోల్డర్‌లో ఏముందో చెప్పమని ప్రతిసారీ పక్కవాళ్లని పిలవాలా? అక్కర్లేదు. చూపు లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామే స్క్రీన్ రీడర్. అందులో ఎన్‌వీడీఏ అనేది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది, మౌస్‌తో పనే లేదు.

విండోస్ కీతో "ఈ" (E) అక్షరం నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. బాణం కీలతో ఒక్కొక్కటీ వింటూ పోవద్దు, రెండొందల ఫైళ్లుంటే విసుగొస్తుంది. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు గబగబా కొట్టండి, నేరుగా అక్కడికే వెళ్తుంది. ఎంటర్‌తో లోపలికి, ఆల్ట్‌తో పై బాణం నొక్కితే పై ఫోల్డర్‌కి. ఎక్కడున్నారో తెలియక టెన్షన్ పడితే ఇన్‌సర్ట్‌తో టీ నొక్కండి, ఫోల్డర్ పేరు చదువుతుంది.

అసలు ఇబ్బందంతా పేర్లతోనే. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు పేరు వింటే "డాక్" తర్వాత అన్నీ అంకెలే, అందులో ఏముందో ఏం తెలుస్తుంది? డౌన్‌లోడ్ కాగానే ఎఫ్2 నొక్కి "పాలిటీ 03 రాష్ట్రపతి" లాగా మార్చేయండి. మూడు అని కాకుండా సున్నా మూడు అని పెడితే, పదో పాఠం వచ్చాక కూడా వరుస ఏ ప్రోగ్రామ్‌లోనూ చెదరదు. కొత్త ఫోల్డర్‌కి కంట్రోల్, షిఫ్ట్, ఎన్. అక్కడికి మార్చడానికి కంట్రోల్ ఎక్స్, తర్వాత కంట్రోల్ వీ.

డిలీట్ దగ్గర మాత్రం తొందరొద్దు, కంప్యూటర్ ఏదైనా ప్రశ్న అడిగితే పూర్తిగా వినండి. కంప్యూటర్‌లో పొరపాటున తీసేసింది రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లోంచి తీసేస్తే మామూలుగా అక్కడికి చేరదు.