రష్ వినడం నేర్చుకుందాం – రెండో పాఠం: ఎనిమిదో ఆల్బమ్ నుంచి మొదలుపెడదాం

పోయిన పాఠంలో రష్ అనే రాక్ బ్యాండ్‌లోని ముగ్గురినీ పరిచయం చేసుకున్నాం కదా. బేస్ వాయిస్తూ పాడుతూ కీబోర్డు కూడా చూసుకునే గెడ్డీ లీ, గిటార్ అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ నీల్ పియర్ట్. పియర్ట్ వచ్చాక పాటలకి సాహిత్యం కూడా దాదాపు అంతా ఆయనదే అని చెప్పుకున్నాం. ఫోన్లో షఫుల్ తీసేయమన్నా, తీసేశారనే అనుకుంటున్నా. ఇవాళ అసలు ప్రశ్నకి వద్దాం. కెనడాలో టొరంటో నుంచి వచ్చిన ఈ బ్యాండ్ 1974 నుంచి 2012 దాకా 19 స్టూడియో ఆల్బమ్స్ చేసింది, అంత పెద్ద గుట్టలో చెయ్యి ఎక్కడ పెట్టాలి?

చాలామంది మొదటి ఆల్బమ్ నుంచి వరసగా వింటారు. నేనూ అలానే చేశా, అందుకే వద్దంటున్నా. మొదటి ఆల్బమ్‌లో పియర్ట్ అసలు లేడు, అప్పటి డ్రమ్మర్ జాన్ రట్సీ. అది మంచి హార్డ్ రాక్ ఆల్బమే కానీ అది విని రష్ అంటే ఇదీ అనుకుంటే పొరపాటు పడతాం. రెండోది ఫ్లై బై నైట్, 1975, పియర్ట్ వచ్చాడు, బాగుంది అనుకుంటూ మూడోదానికి వెళ్లా. కెరెస్ ఆఫ్ స్టీల్, అదీ 1975లోనే వచ్చింది, అందులో ఒక సైడ్, అంటే రికార్డుకి ఒక వైపు, మొత్తం ఒకే పాట, అక్కడ నా వల్ల కాలేదు. రెండుసార్లు పెట్టి రెండుసార్లూ మధ్యలో ఆపేశా, ఈ బ్యాండ్ మనకి కాదులే అని రెండేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. ఆ ఆల్బమ్ వచ్చిన రోజుల్లోనే జనం పెద్దగా కొనలేదని, ఆ టూర్‌కి బ్యాండ్ వాళ్లే "డౌన్ ద ట్యూబ్స్ టూర్" అని పేరు పెట్టుకున్నారని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు అదంటే నాకు చాలా ఇష్టం, కాకపోతే దాన్ని ఇష్టపడటానికి ముందు వాళ్ల మీద కొంచెం నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం వేరే ఆల్బమ్ దగ్గర సంపాదించుకుని రావాలి.

ఏ ఆల్బమ్ అనేది తేల్చుకునే ముందు ఒక లెక్క చూడండి, ఇది తెలిస్తే 19 అనే అంకె చూసి భయం వేయదు. వీళ్లకి చాలాకాలం ఒక అలవాటు ఉండేది, నాలుగు స్టూడియో ఆల్బమ్స్ చేయడం, తర్వాత ఒక లైవ్ ఆల్బమ్ వేయడం. మొదటి నాలుగూ అయ్యాక 1976లో ఆల్ ద వరల్డ్స్ ఎ స్టేజ్. తర్వాతి నాలుగు అయ్యాక 1981లో ఎగ్జిట్ స్టేజ్ లెఫ్ట్. ఇంకో నాలుగు అయ్యాక 1989లో ఎ షో ఆఫ్ హ్యాండ్స్. మళ్లీ నాలుగు, 1998లో డిఫరెంట్ స్టేజెస్. ఆ పైన మిగిలినవి మూడే. అంటే వాళ్ల ప్రయాణంలో ఎక్కడెక్కడ మలుపులున్నాయో వాళ్లే మైలురాళ్లు పాతిపెట్టి వెళ్లారు. మొదటి నాలుగు హార్డ్ రాక్ లోంచి పొడుగు కథల్లోకి వెళ్లడం, రెండో నాలుగు ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగ్గా, లయలు మారుతూ సాగే రాక్), మూడో నాలుగు సింథసైజర్ల (ఎలక్ట్రానిక్ కీబోర్డుల) కాలం, నాలుగో నాలుగులో గిటార్ మళ్లీ ముందుకి వస్తుంది. ఇది మోటుగా గీసిన మ్యాప్ మాత్రమే, లోపల సందులు చాలా ఉన్నాయి కానీ ప్రస్తుతానికి ఇది చాలు.

ఈ మ్యాప్‌లో రెండో గుంపు చివర, మూడో గుంపు గుమ్మం ముందు ఉన్నది మూవింగ్ పిక్చర్స్, 1981, ఎనిమిదో ఆల్బమ్. అక్కడ మొదలుపెట్టండి. ఇది బాగా అమ్ముడుపోయిందనో అందరూ అదే చెప్తారనో కాదు, వెనక ఏడేళ్లలో నేర్చుకున్నదంతా ఇందులో ఉంది, ముందు ఏడెనిమిదేళ్లు చేయబోయేది కూడా ఇందులో మొలకెత్తి కనబడుతుంది. ఇక్కడ నిలబడితే రెండు వైపులా దారి తెలుస్తుంది. పైగా మొత్తం 40 నిమిషాలు, ఏడే పాటలు. 1980 చివర్లో క్యూబెక్‌లోని మొరిన్ హైట్స్‌లో లె స్టూడియో అనే చోట రికార్డ్ చేశారు, ఒక్కొక్క వాయిద్యం ఎంత విడివిడిగా, ఎంత శుభ్రంగా వినబడుతుందంటే నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఆల్బమ్ నాకు తెలీదు.

వినేముందు కవర్ ఒకసారి చూడండి. టొరంటోలో ఒంటారియో శాసనసభ భవనం ముందు కూలీలు పెయింటింగులు మోసుకెళ్తుంటారు, పక్కన నిలబడ్డవాళ్లు అది చూసి కంటతడి పెడుతుంటారు, వెనక అట్ట మీద చూస్తే ఇదంతా సినిమా షూటింగ్. కదిలే బొమ్మలు, కదిలించే బొమ్మలు, బొమ్మల్ని మోసుకెళ్లడం, ఒకే మాటకి మూడు అర్థాలు. పియర్ట్ సాహిత్యంలో కూడా ఇలాంటి మెలిక ఉంటుంది, అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఎలా వినాలో చెప్తా. ముగ్గురే కాబట్టి మూడుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్కో మనిషి వెనకాల నడవండి. మొదటిసారి బేస్. మామూలుగా రాక్ పాటల్లో బేస్ కింద ఎక్కడో అడుగున ఉంటుంది, మనం పట్టించుకోం. ఇక్కడ గెడ్డీ బేస్ ముందుకొచ్చి మాట్లాడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సులువు, ఫోన్ స్పీకర్‌లో బేస్ సగం చచ్చిపోతుంది కాబట్టి దాంతో వినొద్దు. రెండోసారి డ్రమ్స్. మూడోసారి గిటార్, ఇది కొంచెం కష్టం ఎందుకంటే లైఫ్‌సన్ సోలోల్లో ఎంత బావుంటాడో సోలో లేనిచోట అంతకంటే ఎక్కువ పని చేస్తుంటాడు, విశాలంగా మోగే కార్డ్స్‌తో (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులతో) ముగ్గురు మనుషుల బ్యాండ్‌ని అయిదుగురిలా వినిపించేది ఆయనే. ఈ సంగతి నాకు అర్థమవడానికి ఏళ్లు పట్టింది, మీకు అంత పట్టకూడదనే ఈ పాఠాలు.

గొంతు గురించి కూడా ఒక మాట. గెడ్డీ గొంతు బాగా హైపిచ్, కొంతమందికి మొదట్లో చెవికెక్కదు, అది మీ తప్పు కాదు. 70ల ఆల్బమ్స్‌లో ఇంకా పైన ఉంటుంది, మూవింగ్ పిక్చర్స్ నాటికి కొంచెం కిందికి దిగింది, ఇక్కడ మొదలుపెట్టమనడానికి అది కూడా ఒక కారణం. గొంతు మరీ అడ్డమొస్తుంటే ముందు మూడో పాట పెట్టండి, అందులో మాటల్లేవు.

ఆ మూడో పాట దగ్గర కాసేపు ఆగుదాం, ఇవాళ్టి అభ్యాసం అదే. పాట పేరు వై వై జెడ్. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. ఆ మూడు అక్షరాల్ని మోర్స్ కోడ్‌లో పంపితే వచ్చే లయతోనే పాట మొదలవుతుంది, పియర్ట్ చిన్న గంటల్లాంటి తాళాల మీద వాయిస్తాడు, తర్వాత బ్యాండంతా అదే లయ మీదకి దూకుతుంది. మోర్స్‌లో పొడుగు గీత, పొట్టి చుక్క, అంతే. మనకిది కొత్త కాదు, బళ్లో ఛందస్సు చదువుకున్నాం కదా, గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. గీతని గురువు అనుకోండి, చుక్కని లఘువు అనుకోండి. వై అంటే గురువు, లఘువు, గురువు, గురువు. నోటితో అంటే దా ది దా దా. ఏడు మాత్రలు. ఇంకో వై, ఇంకో ఏడు. జెడ్ అంటే రెండు గురువులు రెండు లఘువులు, దా దా ది ది, ఆరు మాత్రలు. మొత్తం ఇరవై. ఆ ఇరవైని నాలుగేసి చొప్పున కడితే అయిదు దెబ్బలు.

ఇప్పుడు పాట ఆపేసి నోటితో నాలుగైదుసార్లు అనండి, దా ది దా దా, దా ది దా దా, దా దా ది ది. తడుముకోకుండా వచ్చాక కాలితో అయిదు దెబ్బలు సమానంగా వేస్తూ పైన ఇది అనండి. మొదట్లో కాలు ఒకచోట నోరు ఒకచోట ఉంటాయి, రెండో వై దగ్గర కచ్చితంగా తప్పుతారు ఎందుకంటే అది దెబ్బ మీద పడదు, రెండో దెబ్బలోని నాలుగో మాత్ర మీద మొదలవుతుంది కాబట్టి కాలు కంటే కొంచెం ముందే వచ్చేస్తుంది. కంగారు పడొద్దు, నెమ్మదిగా చేయండి, రెండు రోజులైనా పర్లేదు. కుదిరాక పాట పెట్టి వాళ్లతోపాటు వేయండి. మొదటిసారి కలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, అప్పటిదాకా గజిబిజిగా వినబడిన ముక్క అక్షరాల్లాగా చదవడానికి వచ్చేసింది. ఈ బ్యాండ్ లెక్కలు కష్టం అని భయపెడతారు కానీ లెక్కలన్నీ ఇలాంటివే, ఒకసారి ముడి విప్పితే ఒంటికి పట్టేస్తాయి. అదే పాటలో మధ్యలో బేస్, డ్రమ్స్ ఒకరి తర్వాత ఒకరు చిన్న చిన్న ముక్కలు విసురుకుంటారు, సంవాదం లాగా, అది కూడా వదలకండి.

తర్వాత మొదటి పాట టామ్ సాయర్‌కి రండి. ఒకటిన్నర నిమిషం దాటాక మాటలు ఆగి సింథ్ ఒక్కటే ఒక తిరుగుడు మొదలుపెడుతుంది, అక్కడ ఏడు లెక్కపెట్టండి. నాలుగు లెక్కపెడితే కుదరదు, ఎనిమిది పెడితే ఒకటి మిగిలిపోతుంది, ఏడు పెడితే అతుక్కుంటుంది. మిగతా పాటలకి ఇప్పుడే లెక్కలొద్దు. రెడ్ బార్షెటా కథలా వినండి, పాత కారు ఒకటి బయటికి తీసి నడపడం. లైమ్‌లైట్ పేరు ప్రఖ్యాతులంటే ఇబ్బంది పడే మనిషి రాసిన పాట, పియర్ట్ నిజంగానే అలాంటి మనిషి. ద కెమెరా ఐ దాదాపు పదకొండు నిమిషాలు, న్యూయార్క్, లండన్ రెండు నగరాల మీద, ఇది మొదటి వారంలో విసుగు పుట్టిస్తే పక్కన పెట్టండి, నెల తర్వాత దానంతట అదే వస్తుంది. చివరి పాట వైటల్ సైన్స్‌లో రెగే (జమైకా సంగీతం) వాసన తగులుతుంది, అది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇది బాగా వంటబట్టాక ఎటు వెళ్లాలనేది మీకేం నచ్చిందో దాన్ని బట్టి ఉంటుంది. గిటార్, పొడుగు ముక్కలు, వేగం నచ్చితే ఒకడుగు వెనక్కి, పర్మనెంట్ వేవ్స్, 1980. అందులో మొదటి పాట ద స్పిరిట్ ఆఫ్ రేడియో అయిదు నిమిషాల్లో అన్నీ చూపించేస్తుంది, చివరి పాట నాచురల్ సైన్స్ నాకు మొత్తం రష్‌లోనే చాలా దగ్గరైన పాట. అక్కణ్ణుంచి ఇంకో అడుగు వెనక్కి వేస్తే హెమిస్ఫియర్స్, 1978, కానీ తొందరపడి వేయకండి, ఆ మెట్టు ఎత్తు. సింథ్ నచ్చితే, వైటల్ సైన్స్ ఇంకోసారి పెట్టాలనిపిస్తే ఒకడుగు ముందుకి, సిగ్నల్స్, 1982. మొదటి పాట సబ్‌డివిజన్స్, గుంపులో కలవలేని కుర్రాళ్ల గురించి, ఆ వయసులో నలుగురిలో ఒంటరిగా ఉన్నవాళ్లెవరైనా ఆ పాట ముందు కాసేపు ఆగిపోతారు. ఫ్లై బై నైట్ నుంచి వీళ్లతో ఉన్న నిర్మాత టెర్రీ బ్రౌన్‌కి సిగ్నల్స్ ఆఖరిది, సౌండ్‌లో ఒక శకం అక్కడ ముగుస్తుంది, వింటే తెలుస్తుంది.

గ్రేటెస్ట్ హిట్స్ లాంటివి మాత్రం ఇప్పుడు వద్దు. వాటిలో పాటలు మంచివే కానీ ఒక 1976 పాట పక్కన 1985 పాట పెడితే గొంతు మారిపోతుంది, సౌండ్ మారిపోతుంది, చెవి దేనికీ కుదురుకోదు.

వేపర్ ట్రెయిల్స్, 2002, దానితో కూడా మొదలుపెట్టొద్దు, దీని కారణం వేరు. పియర్ట్ కూతురు 1997లో కారు ప్రమాదంలో చనిపోయింది, ఏడాది తిరక్కుండానే భార్య క్యాన్సర్‌తో పోయింది. బ్యాండ్ ఆగిపోయింది, ఆయన మోటార్‌సైకిల్ వేసుకుని వేల మైళ్లు తిరిగాడు, మళ్లీ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ అది. మనిషిని ఎరిగాక వినాల్సిన ఆల్బమ్. విన్నప్పుడు 2013లో మళ్లీ మిక్స్ చేసిన వెర్షన్ వినండి, మొదటిది మరీ లౌడ్‌గా అణిచేసినట్టు ఉండి చెవి అలిసిపోతుంది. 2012 నాటి ఆఖరి స్టూడియో ఆల్బమ్ క్లాక్‌వర్క్ ఏంజెల్స్ కూడా అలానే దాచుకోండి. పియర్ట్ 2020 జనవరిలో పోయాడు. ఆ ఆల్బమ్‌లో చివరి పాట ద గార్డెన్, దాని దగ్గరికి మనం నడుచుకుంటూ వెళ్దాం, ఒక్కసారిగా దూకొద్దు.

వచ్చే పాఠం లోపు పని ఇదీ. మూవింగ్ పిక్చర్స్ మూడుసార్లు, రోజుకి ఒకసారి కంటే ఎక్కువ వద్దు, పనిలో పనిగా కాకుండా ఆ 40 నిమిషాలు దానికే ఇవ్వండి. వై వై జెడ్ లయ కాలితోనూ నోటితోనూ కుదరాలి. ఆ తర్వాత ఎగ్జిట్ స్టేజ్ లెఫ్ట్‌లో అదే పాట లైవ్ వెర్షన్ పెట్టి, మధ్యలో డ్రమ్ సోలో ఎక్కడ మొదలైందో, మళ్లీ ముగ్గురూ ఎక్కడ కలిశారో టైమ్ రాసుకోండి. మూడో పాఠం 2112 అనే ఆల్బమ్ మీద, 1976, ఒక సైడ్ మొత్తం ఒకే కథ. కెరెస్ ఆఫ్ స్టీల్ అమ్ముడుపోక రికార్డ్ కంపెనీ పొడుగు పాటలు మానేయమంటే వీళ్లు ఇరవై నిమిషాల పాట చేసుకొచ్చారు, దాన్ని ఏడు ముక్కలుగా విడదీసి ఒక్కొక్కటే విందాం. ఈ రెండు వారాల్లో అది మాత్రం ముందే వినేయకండి.